పలక మీద నీళ్ళ బొమ్మ

అమ్మా, మీ ప్రశ్న చదివి రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. కావలిలో ఉద్యోగం చేస్తున్నానని, ఇంటికొచ్చాక టెన్షన్ తగ్గుతుందని ఏడాదిగా వాటర్ కలర్స్ వేస్తున్నానని రాశారు. బౌద్ధంలో బొమ్మ వేయడం కూడా ధ్యానమేనని విని బుద్ధుడి ముఖాలు, మండలాలు (బౌద్ధుల పూజాచక్రాల బొమ్మలు) మొదలుపెట్టారు. మనసు నెమ్మదించలేదు సరికదా, కాగితం పాడైపోతుందేమోనన్న భయం, ఇంకొకరి బొమ్మతో పోల్చుకోవడం పెరిగాయి. ‘లోపం ఎక్కడుంది? అసలు బొమ్మ వేయడం ధ్యానం అవుతుందా?’ అని అడిగారు.

నేను 31 ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశాను. ఎక్కువ కాలం దర్శి, దొనకొండ వైపే గడిచింది. రిటైరయ్యాక ఒంగోలులో ఉంటున్నాను. రోజూ కాసేపు కళ్ళు మూసుకుని కూర్చుంటాను, రోజూ ఒక బొమ్మ వేస్తాను. ఈ రెండు పనులూ ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ కలవవో ఇరవై ఏళ్ళకు పైగా గమనిస్తూ వచ్చాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

బొమ్మ వేయడం ధ్యానం అవుతుంది. ఏ బొమ్మ వేశామన్నదానితో దానికి పెద్దగా సంబంధం లేదు. వేస్తున్నంతసేపూ మన చూపు, మన మనసు ఏం చేస్తున్నాయో మనకు తెలుస్తోందా లేదా అన్నదే లెక్క. మీరు భయాన్ని పోగొట్టుకోవాలని బొమ్మ వేస్తున్నారు. కాబట్టి భయం కనిపించినప్పుడల్లా సాధన చెడిపోయిందని అనుకుంటున్నారు. నాకు మాత్రం అది కనిపించడమే మంచి సంగతి అనిపిస్తుంది. రోజంతా ఆఫీసులో అదే భయం ఉంటుంది, కానీ అక్కడ దాన్ని చూసే తీరిక ఉండదు.

ముందు బుద్ధుడి ముఖం గురించి. సగం మూసిన కళ్ళు, చిన్న చిరునవ్వు చూసి గీస్తున్నామంటే, ఎవరో ఎప్పుడో చెక్కిన ప్రశాంతతకు నకలు తీస్తున్నామన్నమాట. గీసే చేతిలో ఆ ప్రశాంతత లేకపోతే ‘ముఖంలో శాంతం రాలేదు, ముక్కు వంకర పోయింది’ అన్న బాధే మిగులుతుంది. అసలు మన తొలినాటి శిల్పులు బుద్ధుడి ముఖం జోలికే పోలేదు. అమరావతిలో పాత శిల్పాలు చూడండి. పల్నాటి సున్నపురాయి మీద బోధివృక్షం ఉంటుంది, దాని కింద ఖాళీ ఆసనం ఉంటుంది, పాదముద్రలుంటాయి, చుట్టూ జనం మోకరిల్లి ఉంటారు. ఆయన ఉండవలసిన చోటు మాత్రం ఖాళీ. మనిషి రూపంలో బుద్ధుడు అదే అమరావతిలో తర్వాతి కాలపు శిల్పాల్లో కనిపిస్తాడు.

ఆ ఖాళీ ఆసనం ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. లేని మనిషిని చూపించాలంటే ఉన్నవాటన్నిటినీ ఎంత శ్రద్ధగా చూడాలో అక్కడ తెలిసింది. మీరు కూడా కొన్నాళ్ళు బుద్ధుడి ముఖం పక్కన పెట్టి, ఇంట్లో ఎవరో కూర్చుని లేచిన కుర్చీ వేయండి. దిండు మీద పడిన గుంట, కుర్చీ చేతి మీద వేలాడే తువ్వాలు, ఎవరికోసమో కొంచెం పక్కకి జరిగిన పీట. నేను ఈ పాఠం చెప్పిన పిల్లల్లో ఒకడు చనిపోయిన తాత పడక్కుర్చీ వేసి తెచ్చాడు. ఆ నవారు సాగిన తీరు ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది.

చూడటం అన్న మాట ఇందాకటి నుంచి వాడుతున్నాను. దాని అర్థం నాకు చందవరంలో తెలిసింది. దొనకొండలో పనిచేసే రోజుల్లో ఆదివారాలు సైకిల్ మీద అక్కడికి వెళ్ళేవాణ్ణి. గుండ్లకమ్మ ఒడ్డున సింగరకొండ అనే గుట్ట మీద శాతవాహనుల కాలం నాటి మహాస్తూపం ఉంది. అద్దంకి దగ్గర ఆంజనేయస్వామి వెలసిన సింగరకొండ వేరు, ఇది వేరు. చందవరం స్తూపాన్ని 1964లో వి.వి. కృష్ణశాస్త్రి గారు వెలుగులోకి తెచ్చారు, 1972 నుంచి 1977 దాకా అక్కడ తవ్వకాలు జరిగాయి. కాశీ నుంచి కంచికి నడిచే భిక్షువులు అక్కడ ఆగేవారని చెబుతారు.

అక్కడ కూర్చుని దాదాపు రెండేళ్ళు స్తూపాన్ని గీశాను. చక్కటి అర్ధగోళం, నున్నటి అంచు. చూసినవాళ్ళంతా బాగుందనేవారు. ఒక మార్గశిర మాసపు పొద్దున మంచు విడుతుండగా అంచు మీద ఎండ పడింది. అప్పుడు చూశాను. ఆ అంచు అర్ధగోళం కానే కాదు. ఒక పక్క కుంగి ఉంది, ఇంకో పక్క గడ్డి మొలిచి గరుకుగా ఉంది, మధ్యలో ఎక్కడో గీత తెగిపోయినట్టుంది. నా స్కెచ్ పుస్తకం తిరగేస్తే ఒక్క పేజీలోనూ అది లేదు. రెండేళ్ళుగా నేను గీసింది పాఠ్యపుస్తకంలో చూసిన సాంచి స్తూపం ఫోటోని. కళ్ళ ముందు చందవరం ఉంది, చేతిలో సాంచి ఉంది.

బౌద్ధంలో దీనికి పేరుంది, సంజ్ఞ. ఒక వస్తువు కనబడగానే ‘ఇది ఫలానా’ అని మనసు ముద్ర వేసే పని అది. అది లేకపోతే రోడ్డు కూడా దాటలేం. కానీ ముద్ర పడ్డాక మనం వస్తువును చూడటం మానేసి ముద్రను చూస్తుంటాం. డ్రాయింగ్ క్లాసులో దీన్ని ప్రతి ఏడూ చూశాను. బల్ల మీద స్టీలు గ్లాసు పెట్టి గీయమంటే నూటికి తొంభై మంది పిల్లలు పై అంచును గుండ్రంగా, అడుగును గీత పెట్టినట్టు తిన్నగా వేస్తారు. అంచు గుండ్రమని వాళ్ళకు తెలుసు, గ్లాసు బల్ల మీద సమంగా కూర్చుంటుందనీ తెలుసు. కంటికి కనిపించేది వేరు. పై అంచు సన్నని కోలగా కనిపిస్తుంది, అడుగు దానికన్నా ఎక్కువ వంపు తిరిగి ఉంటుంది. తెలిసినది చూసినదాన్ని కప్పేసింది.

బాహియుడనే ఆయన సోపారా వైపు నుంచి బుద్ధుణ్ణి వెతుక్కుంటూ వచ్చి, ఆయన భిక్షకు వెళ్తుండగా వీధిలోనే ఆపి, ఉపదేశం ఇవ్వమని పట్టుబట్టాడు. తర్వాత రమ్మన్నా వినలేదు. అప్పుడు బుద్ధుడు చెప్పిన మాట చాలా చిన్నది. చూసినదాంట్లో చూసినదే ఉండనీ, విన్నదాంట్లో విన్నదే ఉండనీ అన్నాడు. ఎన్నో ఏళ్ళు చదివినా నాకు లోతు అందని ఆ మాటలో ఒక చిన్న మూల గ్లాసు గీస్తున్నప్పుడు అందింది. మొత్తం అందిందని అనను. ఆ మాట విముక్తికి సంబంధించింది, గ్లాసుకు కాదు. అయినా ఎక్కడో ఒక చోట మొదలవ్వాలి కదా.

ఇప్పుడు మీ భయం సంగతి. వాటర్ కలర్‌లో ఒక మంచి గుణం ఉంది, వేసింది వెనక్కి రాదు. తడి కాగితం మీద బ్రష్ ఆనగానే రంగు పాకుతుంది. మనం అనుకున్న వైపు పాకితే లోపల చిన్న హాయి, వేరే వైపు పాకితే గుండె కలుక్కుమంటుంది. బౌద్ధంలో దీన్ని వేదన అంటారు. మనం మామూలుగా వాడే వేదన కాదు, అంటే బాధ ఒక్కటే కాదు. హాయి, ఇబ్బంది, రెండూ కాని స్థితి, మూడూ వేదనలే. కన్ను వస్తువును తాకింది, హాయో ఇబ్బందో పుట్టింది, వెంటనే ‘ఇంకా కావాలి’ లేదా ‘వద్దు, సరిచేయాలి’ అన్న లాగుడు మొదలైంది. మామూలు జీవితంలో ఈ మూడూ ఒకదాని మీద ఒకటి ఎంత వేగంగా పడతాయంటే విడదీసి చూడలేం. బొమ్మ దగ్గర మాత్రం ఒక వెసులుబాటు ఉంది. రంగు పాకడానికి నాలుగైదు సెకన్లు పడుతుంది, ఆ నాలుగైదు సెకన్లూ బ్రష్ గాల్లోనే ఉంటుంది.

అక్కడ ఆగండి. రంగు చెడిపోయిందనిపించగానే చెయ్యి టిష్యూ కాగితం వైపు వెళ్తుంది చూశారా, ఆ వెళ్ళడాన్ని చూడండి. భుజం బిగుసుకుందా, శ్వాస ఆగిందా, పళ్ళు కొరుక్కుంటున్నారా చూసుకోండి. ‘భయం’ అని మనసులో ఒక్క మాట అనుకోండి చాలు. ఆ తర్వాత తుడవాలనిపిస్తే తుడవండి, పరవాలేదు. తుడవకపోవడం గొప్ప అని నేను అనడం లేదు. చెయ్యి దానంతటది వెళ్ళడానికి, మీరు తెలిసి పంపడానికి తేడా ఉంది. నేను సాధన అని పిలిచేది ఆ తేడానే.

ఇక్కడ చాలామంది చెప్పే ఒక మాటను నేను ఒప్పుకోను. ‘బొమ్మ వేస్తుంటే గంటలు తెలియకుండా గడిచిపోతాయి, నన్ను నేను మరిచిపోతాను, అదే ధ్యానం’ అంటారు. మైమరపు మంచిదే, అలసిన మనసుకు విశ్రాంతి. కానీ బుద్ధుడు నేర్పిన స్మృతి అంటే మరిచిపోవడం కాదు, ఆ మాటలోనే గుర్తుండటం ఉంది. కూర్చున్నప్పుడు కూర్చున్నానని తెలియాలి, చెయ్యి చాచినప్పుడు చాచానని తెలియాలి అంటాడు. సినిమా చూస్తూ కూడా గంటలు మరిచిపోవచ్చు. నేను నన్ను పరీక్షించుకునే పద్ధతి ఒకటుంది. బొమ్మ వేస్తూ వేస్తూ మధ్యలో ‘ఇప్పుడు కాళ్ళు ఎక్కడున్నాయి, బయట ఏం వినబడుతోంది’ అని అడుగుతాను. ఫ్యాన్ చప్పుడు, వీధిలో కూరగాయల బండివాడి కేక అప్పటికే నా ఎరుకలో ఉంటే సరే. అడిగాక ఉలిక్కిపడి తెలుసుకుంటే, ఆ అరగంట హాయిగా గడిచిందనుకుంటాను, సాధన కింద రాసుకోను.

ఇంకో సంగతి కూడా మీకు తెలియాలి. బౌద్ధ గ్రంథాలు చిత్రకళను నెత్తిన పెట్టుకున్నాయని అనుకోకండి. బుద్ధుడు చిత్రకారుడి ప్రస్తావన తెచ్చిన చోట్ల మెచ్చుకోలు కన్నా హెచ్చరికే నాకు ఎక్కువ కనిపించింది. బుద్ధుడి ఉపదేశాల పాళీ సంకలనాల్లో ఒకటైన సంయుత్త నికాయంలో ఒక ఉపమానం ఉంది. చిత్రకారుడు లక్క, పసుపు, నీలి, మంజిష్ఠ (ఎర్ర రంగునిచ్చే వేరు) తీసుకుని, నున్నగా చేసిన పలక మీదో గోడ మీదో గుడ్డ మీదో ఆడమనిషి రూపమో మగమనిషి రూపమో ఏ అవయవమూ లోపించకుండా వేస్తాడు. తెలియని మనిషి కూడా అలాగే, బౌద్ధం ‘నేను’ను విడదీసి చూపే అయిదింటిని, అంటే రూపాన్ని, వేదనను, సంజ్ఞను, సంస్కారాలను (మనసు అలవాట్లు), విజ్ఞానాన్ని (ఎరుక) మళ్ళీ మళ్ళీ పుట్టించుకుంటాడు. ‘నేను’ అనే బొమ్మను రోజూ మనమే వేసుకుంటున్నామని అర్థం. అక్కడే ఇంకో మాట. జనం ఊరూరా చూపించే ఒక చిత్రం గురించి చెబుతూ, ఆ చిత్రాన్ని ఆలోచించింది చిత్తమే, చిత్తం దానికన్నా చిత్రమైనది అంటాడు. పాళీలో చిత్తానికీ చిత్రానికీ ఒకటే మాట, చిత్త. ఇక నున్నగా చేసిన పలకకు అక్కడ వాడిన మాట ఫలక. మన పలకే.

ఆ నాలుగు రంగులూ మనకు పరాయివి కావు. ఒకప్పుడు నెల్లూరు, కడప జిల్లాల్లో నీలిమందు పండించేవారు. పసుపు ఎండలో ఎలా వెలిసిపోతుందో వంటింట్లో అందరికీ తెలుసు. గ్రంథంలో ఆ జాబితా చదివినప్పుడు నాకు ఎక్కడో మగధలో జరిగిన కథలా అనిపించలేదు, మా వీధి కొట్లో సరుకులా అనిపించింది.

అలాంటిదే ఇంకో సంకలనం మజ్ఝిమ నికాయం, అందులో రంపం ఉపమానమున్న సూత్రంలో మళ్ళీ అవే రంగులు వస్తాయి. ఒకడు లక్క, పసుపు, నీలి, మంజిష్ఠ పట్టుకుని వచ్చి ఆకాశంలో బొమ్మలు వేస్తానంటాడు. వేయగలడా అని బుద్ధుడు భిక్షువులను అడుగుతాడు. ఆకాశానికి రూపం లేదు, రంగు అంటదు, వాడికి శ్రమే మిగులుతుంది అంటారు వాళ్ళు. ఎవరు ఏ మాటన్నా మీ మనసును అలా ఉంచుకోండి అన్నాడాయన. మీ ఆఫీసు టెన్షన్‌కు నాకు తెలిసిన మందు ఇదే. కానీ దాన్ని మాటగా కాకుండా చేత్తో తెలుసుకోవాలంటే ఒకసారి డాబా మీద పడుకుని, బ్రష్ పట్టుకుని, నిజంగానే ఆకాశంలో ఒక కొంగను గీసి చూడండి. నేను గీశాను. అయిదు నిమిషాలు చాలు.

ధ్యానానికి రంగును, ఆకారాన్ని నేరుగా వాడుకున్న పద్ధతి కూడా ఉంది, దాన్ని కసిణ అంటారు. 5వ శతాబ్దపు బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు విశుద్ధిమగ్గం అనే తన గ్రంథంలో పృథ్వీ కసిణ ఎలా చేయాలో వివరంగా చెప్పాడు. అరుణోదయపు రంగున్న మట్టిని తెచ్చి, గడ్డి, వేర్లు, ఇసుక ఏరేసి, బాగా పిసికి గుండ్రంగా మెత్తాలి. కొలత మన లెక్కలో జానా బెత్తెడు. రెండున్నర మూరల దూరంలో కూర్చోవాలి. కళ్ళు మరీ విప్పార్చకూడదు, మరీ మూయకూడదు, అద్దంలో ముఖం చూసుకున్నట్టు చూడాలి. కళ్ళు మూసినా తెరిచినట్టే కనిపించేదాకా అలా చూస్తూ పోవాలి. దీంట్లో చిత్రకారుడికి మింగుడుపడని నియమం ఒకటుంది. రంగు గురించి ఆలోచించకూడదు. ఎరుపు ఎక్కువైందా, ఛాయ బాగుందా అన్న పరిశీలన పక్కన పెట్టి ‘పృథ్వి, పృథ్వి’ అనుకుంటూ ఉండాలి. మనం బొమ్మలో చేసే పనికి ఇది సరిగ్గా ఎదురు. అందుకే బొమ్మ వేయడం, కసిణ ఒకటేనని ఎవరైనా చెబితే నమ్మకండి. గురువు లేకుండా కసిణ జోలికి వెళ్ళమని కూడా నేను చెప్పను. అయితే బొమ్మ మొదలుపెట్టే ముందు అలా చూసే అలవాటు మాత్రం అక్కడి నుంచే తెచ్చుకున్నాను.

మండలాల గురించి క్లుప్తంగా చెబుతాను. 2006 జనవరిలో దలైలామా గారు అమరావతిలో కాలచక్ర అనే దీక్షా ఉత్సవం జరిపినప్పుడు వెళ్ళాను. టిబెట్ సంప్రదాయంలో ఇసుక మండలాన్ని సన్నని లోహపు గొట్టాల్లోంచి రంగుల ఇసుక రాల్చుతూ రోజుల తరబడి వేస్తారు, పూజ అయ్యాక ఊడ్చి నీళ్ళలో కలిపేస్తారు. అందులో ప్రతి గీతకూ కొలత ఉంది, అర్థం ఉంది, దానికి ముందు ఏళ్ళ శిక్షణ, దీక్ష ఉన్నాయి. ప్రింట్ చేసిన మండలంలో రంగులు నింపడం తప్పేమీ కాదు, కాసేపు కాలక్షేపం. దాన్నుంచి ఆ ఫలితం ఆశించడమే ఇబ్బంది. ఊడ్చేయడం మీకు నచ్చి ఉంటే మీ అమ్మమ్మ చేసిన పని గుర్తు తెచ్చుకోండి. తెల్లవారుజామున కళ్ళాపి చల్లి, చుక్కలు పెట్టి, వేళ్ళ సందు నుంచి పిండి జారవిడుస్తూ వేసిన ముగ్గు మధ్యాహ్నానికి చీమలు తినేవి, సైకిళ్ళు తొక్కేవి. మర్నాడు మళ్ళీ వేసేది. భిక్షువుల నియమాల గ్రంథమైన వినయ పిటకంలో విహారాల గోడల మీద స్త్రీ పురుషుల బొమ్మలు వద్దని, మాలలు, తీగలు, మకర దంతాలనే మొసలి పళ్ళ నగిషీలు వేసుకోవచ్చని ఉంది. అది చదివినప్పుడు నాకు మన వాకిళ్ళే కళ్ళలో మెదిలాయి.

బొమ్మలు పోవడం గురించి నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. మా అమ్మాయి కాన్పుకని నాలుగు నెలలు హైదరాబాద్‌లో ఉన్నాం. తిరిగొచ్చేసరికి అటక మీద అట్టపెట్టెల్లో ఉన్న 26 ఏళ్ళ బొమ్మలకు చెదలు పట్టాయి. పెట్టె ఎత్తితే అడుగు ఊడి మట్టి రాలింది. ఆ వారం ఇంట్లో అందరి మీదా కోప్పడ్డాను. అనిత్యం గురించి అన్నేళ్ళు చదివినవాడికి ఆ చదువు ఆ వారం అక్కరకు రాలేదు. తర్వాత ఒక రోజు కూర్చుని, పోయినవి ఏవేవో రాద్దామని కాగితం తీసుకున్నాను. వందల్లో ఎనిమిదో తొమ్మిదో బొమ్మలే గుర్తొచ్చాయి. అవి మాత్రం నీడ ఏ వైపు పడిందో, ఏ రంగు ముందు ఆరిందో సహా గుర్తున్నాయి. అవన్నీ నేను నిజంగా చూస్తూ వేసినవి. మిగతావాటి సంగతి వెతికితే బొమ్మ గుర్తుకు రాలేదు, దాన్ని చూసి ఎవరేమన్నారో గుర్తొచ్చింది. చెదలు తిన్నది దేన్ని, నేను ఏడుస్తున్నది దేనికి అని ఆ రోజు చాలాసేపు ఆలోచించాను. ఆ తర్వాతే నేను పలక పట్టుకున్నాను.

ఇక మీరు ఏం చేయాలో చెబుతాను. ఒక మార్కాపురం పలక కొనండి. ప్లాస్టిక్‌దీ, రేకుదీ వద్దు, రాతి పలకే కావాలి. మన వైపు రాయి అది, ఎక్కడెక్కడి బడిపిల్లలో దాని మీద అక్షరాలు దిద్దారు. ఆరో నంబరు గుండ్రటి బ్రష్, గ్లాసుడు నీళ్ళు. రంగులు వద్దు. పలక మీద నీళ్ళతో గీస్తే గీత నల్లగా పడుతుంది, ఆరగానే బూడిద రంగులోకి మాయమైపోతుంది. చెట్టు గీస్తుంటే మీరు చివరి కొమ్మకు చేరేలోపు కాండం ఆరిపోతుంది. పూర్తయిన బొమ్మ అనేది మీకు ఎప్పటికీ కనిపించదు. కాబట్టి పాడవుతుందన్న భయానికి పట్టుకొమ్మ ఉండదు. భయం అప్పుడు కూడా వస్తే, అది కాగితం వల్ల వచ్చింది కాదని మీకే తెలుస్తుంది.

రోజూ ఒకే వస్తువు తీసుకోండి, నెల రోజులు మార్చకండి. వేపకొమ్మ, చెంబు, చెప్పుల జత, ఏదైనా సరే. పది శ్వాసలు గమనించి, అయిదు నిమిషాలు బ్రష్ ముట్టకుండా చూడండి. తర్వాత పది నిమిషాలు గీయండి. వస్తువు మీద చూపు పలక మీద కన్నా ఎక్కువసేపు ఉండాలి. మనసు ఏమైనా వ్యాఖ్యానిస్తే ‘బాగుంది’, ‘బాగాలేదు’, ‘భయం’, ‘పోలిక’ అని ఒక్క మాటలో గుర్తుపట్టి మళ్ళీ వస్తువు వైపు రండి. అయ్యాక తుడవకండి. చివరి తడి మచ్చ దానంతటది ఆరేదాకా చూస్తూ కూర్చోండి. నాకు అన్నిటికన్నా కష్టమైంది ఇదే, ఇప్పటికీ.

రెండో నెల నుంచి వారానికొక్క బొమ్మ కాగితం మీద వేయండి, వీలైతే మీరు చేసుకున్న రంగులతో. ఎర్రమన్ను తెచ్చి బకెట్ నీళ్ళలో కలిపి, ఇసుక అడుగుకు చేరాక పై బురద నీళ్ళు వేరే గిన్నెలోకి వంచండి. రెండుమూడు సార్లు అలా చేసి, రాత్రంతా తేరనిచ్చి, అడుగున మిగిలిన మెత్తటి మన్నును ఆరబెట్టండి. తుమ్మజిగురు ఒక వంతు, నీళ్ళు రెండు వంతులు నానబెట్టి వడగట్టి, రెండు చుక్కల తేనె కలిపి, ఆ మన్నును దాంతో కల్వంలో నూరండి. ఆముదం దీపం మీద మూకుడు బోర్లించి పట్టిన మసి మీ నలుపు. అజంతా గోడల మీద ఎరుపు, పసుపు కూడా మన్నులే, నలుపు కూడా మసే. అక్కడ గోడకు ముందు మట్టిలో ఊక, పీచు కలిపి మెత్తి, పైన సున్నం పూసి వేశారు. నూరడానికి పట్టే ఆ గంట వృథా అనుకోకండి. రంగు చేతిలో తయారవుతుంటే ట్యూబు పిండినప్పటి తొందర ఉండదు.

పోల్చుకోవడం గురించి అడిగారు. నేను గొప్ప అనుకోవడం మాత్రమే అహంకారమని మనం అనుకుంటాం. బౌద్ధంలో మానం మూడు రకాలు. నేను ఎక్కువ, నేను సమానం, నేను తక్కువ, ఈ మూడూ మానమే. నేను తక్కువ అని కుమిలిపోవడం వినయం కాదు, అది కూడా ‘నేను’ చుట్టూ తిరగడమే. ఇది చదివినప్పుడు నాకు చాలా తేలికపడ్డట్టయింది. మీకు పోలిక వచ్చినప్పుడు ‘ఛీ, మళ్ళీ పోల్చుకున్నాను’ అని తిట్టుకోకండి, అది కూడా ‘నేను’ అనే బొమ్మే అవుతుంది. ‘పోలిక’ అని గుర్తుపట్టి వేపకొమ్మ వైపు తిరగండి. ఒక మూడు నెలలు మాత్రం వేసినదాన్ని ఫోటో తీయకండి, ఎవరికీ పంపకండి. నీళ్ళ బొమ్మను కూడా ఆరేలోపు ఫోటో తీయాలనిపిస్తుంది, అనిపించినప్పుడు ఆ లాగుడును చూడండి.

బొమ్మ వేస్తున్నాను కదా అని కూర్చుని చేసే ధ్యానం మానకండి. మీరు ఎప్పుడైనా పది రోజుల విపశ్యన శిబిరానికి వెళితే అక్కడ చదవడం, రాయడం ఉండవు, స్కెచ్ పుస్తకం కూడా ఇంట్లోనే వదిలి వెళ్ళండి. నిద్ర పట్టకపోవడం, గుండె దడ వారాల తరబడి ఉంటే డాక్టరును కలవండి, దానికి పలక సరిపోదు.

ఇప్పుడు మొదలుపెడితే చలికాలంలో గీత మూడు నాలుగు నిమిషాలైనా నిలుస్తుంది. రోహిణి కార్తె వచ్చేసరికి కావలి ఎండలకు బ్రష్ ఎత్తేలోపే ఆరిపోతుంది. అప్పుడు తెల్లవారుజామున అయిదింటికి, పలకను ముందు రాత్రే నీడలో పెట్టి, డాబా మీద కూర్చోండి.